అడుగు స్వరం

సారెమా దీవి చుట్టూ సముద్రం గడ్డకట్టిన నెల.
చర్చి తలుపుకు మోకాలెత్తు మంచు.
పారతో దారి తవ్వుకుని లోపలికెళ్ళాం,
నేనూ, పాదిరిగారి పక్కింటి పిల్ల తీయూ.
పద్నాలుగేళ్ళది. చెప్పిన మెట్టు నొక్కి పట్టుకోవడం దాని పని.
ఆర్గాన్ గొట్టాల గొంతు సవరించడం నా పని,
నలభై మూడేళ్ళుగా.

చెవిటివాడి ముందు శంఖమంటారు చూడండి,
ఆ చెవిటివాణ్ణి నేనే.
శంఖాలు బాగుచేసేవాణ్ణీ నేనే.

ముందు పిచ్చుకలు పోయాయి.
తర్వాత కెటిల్ ఈల.
తర్వాత లెయిదా మాటల్లో సకారాలు.
ఆస్పత్రి మంచం మీద చివరిసారి ఏదో అంది.
అర్థమైనట్టు తల ఊపాను.
అక్టోబరు నుంచి ఆ తల ఊపుడే నన్ను తింటోంది.

ప్రార్థన చేశాను, చేయలేదనను.
దేవుడా, ఇంకేమీ వద్దు,
ఆ ఒక్క మాట ఏమిటో చెప్పు చాలు, అన్నాను.
పైకప్పు నుంచి ఏమీ రాలలేదు,
కాస్త సున్నం తప్ప.

ఈ చర్చిలో ఇదే నా ఆఖరి పని.
ఎవరికీ చెప్పలేదు. సంచిలో ఉత్తరం ఉంది పాదిరిగారికి:
ఇక వేరొకర్ని చూసుకోండి, అని.
సంతకం పెట్టాను. తేదీ వేయలేదు.

రెండు గొట్టాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు
వాటి నడుమ గాలి కొట్టుకుంటుంది
వలలో చేపలా.
కాస్త సవరిస్తే నెమ్మదిస్తుంది.
ఇంకాస్త సవరిస్తే ఇక కొట్టుకోదు.
మనం వెతికేది మోతను కాదురా, ఆ ఆగిపోవడాన్ని,
అని పనికొచ్చిన ప్రతి కుర్రాడికీ చెప్పాను.
నాకు చెప్పుకోవడం మర్చిపోయాను.

మధ్యాహ్నం మూడింటికే చీకటి.
పైది, అని అరిచాను. ఇంకా పైది.
తీయూ నొక్కిందో లేదో.
చెయ్యి అడ్డం పెడితే గాలి తగులుతోంది,
చెవికి మాత్రం
మంచు మీద మంచు పడ్డట్టే ఉంది.
పనిముట్లు కిందపెట్టి
ఆర్గాన్ కడుపులో, పెద్ద గొట్టాల మధ్య చతికిలబడ్డాను.
ఎదురుగా ఉన్నదానికి నుదురు ఆనించాను.
దేవదారు కొయ్య. పదహారడుగులు. మా తాతకంటే పాతది.
ఏడ్చానా?
చలికి కళ్ళు కారాయి అనుకుందాం.

అప్పుడు కొయ్య కదిలింది.
కాదు, వణికింది.
వణుకూ కాదు.
చిన్నప్పుడు కొట్టంలో పడుకున్న ఆవు పొట్టకి
చెంప ఆనించి నిద్రపోయేవాణ్ణి, అలాంటిది.
నుదుటి నుంచి పళ్ళలోకి,
పళ్ళ నుంచి రొమ్ములోకి
దారి అడక్కుండా వచ్చింది.
ఎప్పటి నుంచి మోగుతోందో.
ఇందాకటి నుంచా, అక్టోబరు నుంచా.
నేను చెవులు రిక్కించి వీధి గుమ్మం దగ్గర కాపలా కాస్తుంటే
ఆయన పెరటి వైపు నుంచి వచ్చి
ఎప్పుడో లోపల కూర్చున్నాడు.
మాటేమీ చెప్పలేదు.
లెయిదా మాట కూడా చెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఇవతలికొచ్చి చూస్తే
తీయూ మెట్ల పక్కన తల వాల్చి నిద్రపోతోంది.
తడి మేజోడుతో దాని ఎడమకాలు
అన్నిటికంటే అడుగున ఉన్న మెట్టు మీదికి
జారి పడి ఉంది.

లేపలేదు.
నా కోటు కప్పి పక్కన నేల మీద కూర్చున్నాను.
అరికాళ్ళలో చర్చి అంతా మోగుతోంది.

ఉత్తరం ఇంకా సంచిలోనే ఉంది.
చింపలేదు. తేదీ కూడా వేయలేదు.
ఇంటికొచ్చి కెటిల్ పొయ్యి మీద పెట్టాను.
ఈల వినిపించదు కదా,
మూత వణికేదాకా
దాన్నే చూస్తూ కూర్చున్నాను.